పూసుకున్న పరిమళం గంటకో తీరుగా ఎందుకు మారుతుంది?

ఖరగ్‌పూర్: ఉదయం డ్యూటీకి బయలుదేరే ముందు చొక్కా మీద, మణికట్టు మీద చల్లుకున్న పెర్‌ఫ్యూమ్ ఇంటి గుమ్మం దగ్గర నిమ్మతొక్కలా గుప్పుమంటుంది. వర్క్‌షాపు చేరేసరికి ఆ పులుపు ఉండదు, ఏదో పూల వాసన మిగులుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు అదీ సన్నగిల్లి చెక్క వాసనో, వెనిల్లా తీపో తగులుతుంది. సాయంత్రం ఇల్లు చేరినవారికి తాము ఏదైనా పూసుకున్నామన్న స్పృహే ఉండదు, పక్కన కూర్చున్నవారికి మాత్రం తెలుస్తూనే ఉంటుంది. సీసా కొన్నవారిలో కొందరు దీన్ని మోసమనుకుంటారు, కొందరు నాణ్యత అనుకుంటారు. చాలా సందర్భాలలో ఇది రెండూ కాదు. పరిమళ ద్రవ్యం అలా మారేటట్టుగానే తయారవుతుంది.

ఇందులో చిక్కు ఎక్కడ వస్తుందంటే, కొనుగోలు మాత్రం మొదటి పది సెకన్ల వాసనను బట్టి జరిగిపోతుంది. ఇంటి సరుకుల ఖర్చుకు సాటివచ్చే ధర పెట్టి తెచ్చిన సీసా, రోజంతా ఒంటి మీద ఎలా ఉంటుందో ఇంటికి వచ్చాకే తెలుస్తుంది. అత్తరు విషయంలో నష్టం కొన్నవారితో ఆగదు. మొదటి ఘాటుకే మురిసిపోయే కొనుగోలుదారు ఉన్నంత కాలం అసలైన పూల తైలాన్ని కాచేవారికి, ఆ పూలు కోసేవారికి గిట్టుబాటు కష్టమే. ఆ పూలు కోసే చోటు ఖరగ్‌పూర్ నుంచి దక్షిణానికి సాగే రైలు మార్గం మీదనే ఉంది.

రెండు దారులు కలిసే ఊరు

హావ్‌డాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖరగ్‌పూర్ రైల్వే కోసం పుట్టిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను, వర్క్‌షాపును నెలకొల్పిన నాటి నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల కుటుంబాలు తరతరాలుగా ఇక్కడికి వలస వచ్చాయి. 1,072.5 మీటర్ల పొడవైన ఇక్కడి ప్లాట్‌ఫారం 2013 వరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. మథురాకాటి, నింపురా వంటి పేటల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించేందుకు ఆమోదం తెలపడానికి ఈ పట్టణపు తెలుగువారే ముఖ్య కారణం.

ఇటువంటి ఊరిలో ఒకే పువ్వుకు మూడు పేర్లు ఉంటాయి. తెలుగు ఇంట మొగలి, బెంగాలీ ఇంట కేయా, హిందీ మాట్లాడే ఇంట కేవడా. తెలుగువారికది జడలో ముడుచుకునే రేకు, పట్టుచీరల పెట్టెలో దాచుకునే సువాసన. బెంగాలీ వంటవారికి అది బిర్యానీలో చల్లే కేవడా నీరు. శివపూజకు పనికిరాదన్న పురాణ కథ ఆ పువ్వుకు ఉన్నప్పటికీ, దాని మీద మోజు మాత్రం ఏ వైపూ తగ్గలేదు. పరిమళం పూసుకోవడమనే అలవాటును అర్థం చేసుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు తక్కువ. స్ప్రే సీసాలు, అత్తరు బుడ్లు, మల్లె దండలు, వట్టివేరు అన్నీ ఒకే వీధిలో ఒకే ఎండకు గురవుతాయి.

ఆవిరి చేసే పని

వాసన అంటే ముక్కు వరకు ఎగిరివచ్చిన అణువు. పెర్‌ఫ్యూమ్ సీసాలో పదుల సంఖ్యలో, కొన్నిటిలో వందకు పైగా ద్రవ్యాలు కలిసి ఉంటాయి. అవన్నీ ఒకే వేగంతో ఆవిరి కావు. మార్పుకు మూలం అదే.

స్ప్రేలో ఎక్కువ భాగం ఇథైల్ ఆల్కహాల్. అది 78 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది, చర్మం మీద నిమిషం లోపే ఎగిరిపోతుంది. ఆ తర్వాత నిమ్మ, నారింజ తొక్కల్లో ఉండే లిమోనీన్ వంతు. దాని మరుగు స్థానం 176 డిగ్రీలు. లావెండర్‌లో, కొత్తిమీర గింజల తైలంలో ఉండే లినలూల్ 198 డిగ్రీల దగ్గర, గులాబీకి మూలమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ 219 దగ్గర మరుగుతాయి. చందన తైలంలోని శాంటలాల్‌కు 300 డిగ్రీలు దాటాలి. చర్మపు ఉష్ణోగ్రత 32, 33 డిగ్రీలే కదా అనే సందేహం సహజం. తడిబట్ట ఆరడానికి నీరు మరగనక్కర లేదు, ఇదీ అంతే. మరుగు స్థానం తక్కువైనది త్వరగా, ఎక్కువైనది నిదానంగా చర్మాన్ని వదులుతాయి.

అందువల్లనే పరిమళ తయారీదారులు మూడు దశలను ముందే లెక్కవేసుకుంటారు. మొదటి పావుగంట నుంచి అరగంట వరకు తెలిసేది పై వాసన, అందులో నిమ్మజాతి తొక్కలు, పుదీనా వంటివి ఉంటాయి. తర్వాతి మూడు నాలుగు గంటలు పూలు, యాలకులు, లవంగాల వంటి నడిమి వాసనలు. ఆపైన మిగిలేది అడుగు వాసన: చందనం, వట్టివేరు, సాంబ్రాణి, కస్తూరిని పోలిన రసాయనాలు. బరువైన ఈ చివరి అణువులు తేలికవాటిని కూడా కొంత పట్టి ఉంచి, వాటి ఆవిరి వేగాన్ని తగ్గిస్తాయి. పూర్వం తెలుగు ఇళ్లలో సున్నిపిండిలో కచ్చూరాలు, తుంగముస్తలు, బావంచాలు కలిపినప్పుడు జరిగిందీ ఇదే. స్నానం చేసిన చాలాసేపటికి కూడా ఒంటిని అంటిపెట్టుకుని ఉండేది ఆ ద్రవ్యాల వాసనే.

మూడు మెట్ల ఈ లెక్క పాతదే అయినా, ఆ మెట్ల మధ్య దూరం పెరిగింది మాత్రం 19వ శతాబ్దంలో. 1709లో కొలోన్ నగరంలో మొదలైన ఫరీనా సంస్థ తయారుచేసిన ఓ ద కొలోన్ ప్రధానంగా నిమ్మజాతి తైలాల మీద ఆధారపడినది, అంటే త్వరగా ముగిసిపోయేది. 1868లో విలియం పెర్కిన్ కౌమరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాక, 1874లో వెనిల్లిన్, 1888లో కృత్రిమ కస్తూరి వచ్చాక గంటల తరబడి నిలిచే అడుగు వాసనలు చవకయ్యాయి. నేడు బజారులో దొరికే చాలా సీసాల చివరి దశలో ఇటువంటి పదార్థమే ఏదో ఒకటి ఉంటుంది. వేర్వేరు కంపెనీల సీసాలు సాయంత్రానికి ఒకే రకంగా అనిపించడానికి కారణం కూడా అదే.

ఎండ, చెమట, చొక్కా

ఐరోపాలో నాలుగు గంటలు నడిచే పరిమళం ఖరగ్‌పూర్ మే నెల ఎండలో అంతసేపు నడవదు. వేడి పెరిగితే ఆవిరి వేగం పెరుగుతుంది కాబట్టి మూడు దశలూ ముడుచుకుపోతాయి. నిమ్మ వాసన పది నిమిషాలకే అదృశ్యమవుతుంది, తీపి వాసనలు ఒక్కసారిగా ముందుకు దూకి ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. శీతాకాలపు సంధ్యవేళ హాయిగా తోచిన వెనిల్లా, సాంబ్రాణి మిశ్రమం మిట్టమధ్యాహ్నం జనరల్ బోగీలో తోటి ప్రయాణికులకు శిక్షగా మారడం ఈ లెక్క ప్రకారమే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమటలో పెరిగే బాక్టీరియా పుట్టించే వాసన పరిమళంతో కలిసి మూడో వాసన ఒకటి తయారవుతుంది. దుర్వాసనను పెర్‌ఫ్యూమ్ కప్పిపుచ్చుతుందన్న నమ్మకం ఆ విధంగా వమ్మవుతుంది.

చర్మ తత్త్వానికీ పాత్ర ఉంది. జిడ్డు చర్మం మీద తైల ద్రవ్యాలు కొంత ఎక్కువసేపు నిలుస్తాయి, పొడిబారిన చర్మం మీద త్వరగా పోతాయి. వాసన లేని కొబ్బరినూనె చుక్క ముందుగా రాసుకోవడం అందుకు పనికొచ్చే చిట్కా. నూలు బట్ట చర్మం కంటే చల్లగా ఉంటుంది, చెమట తగలని అంచుల్లో వాసన మరింత నెమ్మదిగా వీడుతుంది. చొక్కా కాలరు మీద మర్నాడు ఉదయం కూడా వాసన తెలియడం అందువల్లనే. మణికట్టులు రెండూ రాపాడిస్తే అణువులు చితికిపోతాయని చెప్పే మాటలో మాత్రం పస లేదు. రాపిడి వేడికి పై వాసన కొంచెం ముందుగా ఎగిరిపోవచ్చు, అంతకు మించి ఏమీ జరగదు.

మల్లె సీసాలో ఎందుకు ఇమడదు?

తెలుగువారు పూల పరిమళాన్ని కొలిచే కొలబద్ద మల్లె. మల్లె అని రాసి ఉన్న సీసా కొని నిరాశపడనివారు అరుదు. దీనికి కారణం పువ్వులోనే ఉంది. సాయంత్రం కోసిన మల్లెమొగ్గ కోత తర్వాత కూడా బతికే ఉంటుంది, రాత్రికి విచ్చుకుంటూ కొత్త సువాసనను ఉత్పత్తి చేస్తూనే ఉంటుంది. చైనాలోని ఫుజౌ ప్రాంతంలో మల్లె తేనీరు తయారుచేసేవారు పగలు కోసిన మొగ్గలను రాత్రి తేయాకుతో కలిపి ఉంచేది ఈ గుణాన్ని వాడుకోవడానికే. జడలోని దండ రాత్రి ఎనిమిదింటికంటే పదింటికి ఎక్కువ గుబాళించడం భ్రమ కాదు. సీసాలోని మల్లె ఒకసారి తీసి పెట్టిన సారం, దానికి తరగడమే గాని పెరగడం లేదు.

మరొక సంగతి ఇండోల్. మల్లెలో, జాజిలో సహజంగా ఉండే ఈ పదార్థం స్వల్ప మోతాదులో పూలకు నిండుతనాన్ని ఇస్తుంది, మోతాదు పెరిగితే కలరా ఉండల వాసనను, అంతకు మించితే మలినపు వాసనను తలపిస్తుంది. దాన్ని పూర్తిగా తీసేసి తయారుచేసిన మల్లె సబ్బులా శుభ్రంగా ఉంటుంది, పువ్వులా ఉండదు. ఉంచి తయారుచేసినది మొదటి క్షణంలో కొందరికి వెగటు పుట్టించి, గంట తర్వాత అసలు మల్లెకు దగ్గరగా వస్తుంది. దుకాణంలో తిరస్కరణకు గురయ్యేది సాధారణంగా ఈ రెండోదే.

గంజాం మొగలి, దాని అడుగున చందనం

ఖరగ్‌పూర్‌లో రైలెక్కి విశాఖ వైపు వెళ్లేవారికి చిల్కా సరస్సు దాటాక గంజాం జిల్లా వస్తుంది. ఛత్రపూర్, రంగేయిలుండ, బరంపురం పరిసరాల్లో పొలం గట్ల వెంట, ఇసుక నేలల్లో ముళ్ల అంచుల ఆకులతో పెరిగే పొదలు మొగలివి. రైల్వే కార్మికోద్యమ నాయకుడిగా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సమ్మెను నడిపించి, అనంతరం రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1894లో పుట్టింది ఈ బరంపురంలోనే. దేశంలో తయారయ్యే మొగలి పరిమళ ద్రవ్యాలలో అత్యధిక భాగం ఈ ఒక్క జిల్లా నుంచే వస్తుంది. గంజాం కేవడా పువ్వుకు, కేవడా రూహ్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది.

సువాసన ఉండేది మగ పూగుత్తికే. ప్రధాన రుతువు వానాకాలం. తెల్లవారుజామున కోసిన గుత్తిని ఆలస్యం చేయకుండా బట్టీకి చేర్చాలి, పొద్దెక్కేకొద్దీ తైలం ఎగిరిపోతుంది. నిల్వ ఉంచుకునే వీలు లేదు కనుక కోసినవారు ఆ పూటకు దొరికిన ధరకే అమ్ముకోవలసి వస్తుంది. బట్టీలో డేగ్ అనే రాగి పాత్రలో పూలు, నీళ్లు పోసి, మూతను మట్టితో మూసి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే మరో రాగి పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్ర నీటి తొట్టిలో మునిగి చల్లగా ఉంటుంది. కన్నౌజ్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. భప్కాలో ముందుగా చందన తైలం పోసి ఉంచితే మొగలి ఆవిరి దానిలో ఇంకి అత్తరు అవుతుంది. తైలం ఏదీ కలపకుండా వేరుచేసిన మొగలి సారం రూహ్. మిగిలిన సుగంధ జలం కేవడా నీరు.

ఇక్కడ చందనం రెండు పాత్రలు పోషిస్తుంది. అది ద్రావకం, అదే అడుగు వాసన కూడా. చందనం మీద కాచిన మొగలి అత్తరును పూసుకుంటే మొదట వచ్చేది గుచ్చుకునే తీపి ఘాటు. అరగంటకు ఆ ఘాటు మెత్తబడి, పచ్చి ఆకు వాసనతో పాటు మిరియాల వంటి కారం లీలగా తోస్తుంది. మధ్యాహ్నానికి పువ్వు, చందనం విడదీయరానంతగా కలిసిపోతాయి. సాయంత్రం మిగిలేది పాల మీగడను తలపించే చందనం, దాని అంచున పాత చీరల పెట్టె తెరిచినప్పటి జ్ఞాపకం వంటి మొగలి. దేశీయ పరిమళాలలో ఇంత నెమ్మదిగా, ఇంత స్పష్టంగా దశలు మారేవి కొన్నే ఉన్నాయని ఒప్పుకోవాలి.

అయితే చందనం ప్రియమైపోయింది. 1916లో మైసూరు సంస్థానం తైల కర్మాగారం నెలకొల్పిన నాటి సమృద్ధి నేడు లేదు. శ్రీగంధం చెట్టును అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 1998లోనే ముప్పు అంచున ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. శేషాచలం అడవుల ఎర్రచందనం దీనికి ప్రత్యామ్నాయం కాదు, పేరులో చందనం ఉన్నా ఆ కలపకు సువాసన లేదు. అందుచేత భప్కాలోకి ద్రవ పారాఫిన్ వంటి చవక నూనెలు వచ్చాయి. వాటికి సొంత వాసన ఉండదు. పువ్వు ఎగిరిపోయాక చర్మం మీద జిడ్డు తప్ప మరేమీ మిగలదు.

రెండో దెబ్బ ప్రయోగశాల నుంచి తగిలింది. మొగలి తైలంలో సింహభాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒకే పదార్థం. దాన్ని కృత్రిమంగా తయారుచేయడం సులువు, చవక. పాన్ మసాలా, జర్దా పరిశ్రమ మొగలికి పెద్ద కొనుగోలుదారు కాగా, 2012 నుంచి పలు రాష్ట్రాలు గుట్కాను నిషేధించడంతో ఆ గిరాకీ కూడా తగ్గింది. ప్రజారోగ్యం దృష్ట్యా నిషేధం సరైనదే. దాని మీద ఆధారపడిన పూల కోతదారులకు వేరే మార్కెట్ మాత్రం ఎవరూ చూపలేదు. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్ తుపాను ఈ పొదలున్న తీరాన్నే తాకింది.

కొనేవారి చేతిలో ఉన్న పరీక్ష ఈ చోటనే అక్కరకు వస్తుంది. ఒక్క రసాయనంతో తయారైన మొగలి వాసన మొదట ఎలా ఉందో చివరా అలాగే ఉంటుంది, బలం మాత్రమే తగ్గుతుంది. పువ్వు నుంచి తీసిన దానిలో టెర్పినెన్-4-ఆల్ వంటి ఇతర ద్రవ్యాలు కూడా ఉంటాయి కాబట్టి అది నడుస్తుంది, మలుపులు తిరుగుతుంది. ఇది ప్రయోగశాల నిర్ధారణకు సాటి రాదు, నేర్పుగా కలిపిన కృత్రిమ మిశ్రమం కూడా దశలు మారగలదు. అయినా బొత్తిగా మారని అత్తరును సహజమని అమ్మితే సందేహించడానికి తగిన ఆధారమే.

ఎర్రమట్టి, తొలి చినుకు

ఖరగ్‌పూర్ నిలిచింది పశ్చిమ మేదినీపూర్ ఎర్రమట్టి నేల మీద. ఏప్రిల్, మే నెలల్లో కాల్‌బైశాఖి గాలివాన కురిసిన సాయంత్రం ఈ ఊరు ఊరంతా ఒకే పరిమళం పూసుకుంటుంది. ఆ వాసనను ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇజబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో శాస్త్రీయంగా వివరించి పెట్రికోర్ అని పేరు పెట్టారు. భారతదేశంలో దాన్ని అప్పటికే అత్తరుగా పట్టి అమ్ముతున్నారని వారు గుర్తించారు. కన్నౌజ్‌లో కాల్చిన మట్టి ముక్కలను డేగ్‌లో కాచి తీసే మట్టి అత్తరు అదే. నేలలోని స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ ఆ వాసనలో ప్రధానం. లక్ష కోట్ల భాగాల్లో కొద్ది భాగాలున్నా మనిషి ముక్కు దాన్ని పసిగడుతుంది.

మట్టి అత్తరుకు పై వాసన అంటూ దాదాపు ఉండదు. పూసుకోగానే తడి మట్టి, రెండు గంటలకు ఎండిన కుండ, చివరకు కింద పోసిన తైలం. వేసవిలో పూసుకోవడానికి ఇది అన్నిటికంటే నెమ్మదైనది.

మారేది సీసా ఒక్కటే కాదు

మార్పులో సగం ముక్కుది. ఒకే వాసన ఎడతెగక తగులుతుంటే నిమిషాల వ్యవధిలో మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పూసుకున్నవారు వాసన పోయిందనుకుని మళ్లీ చల్లుకుంటారు, ఎదుటివారికి అది రెట్టింపవుతుంది. ఈ విషయంలో ఇంట్లోవారిని అడగడమే సరైన కొలత.

పైగా అందరి ముక్కులూ ఒకటి కావు. వాసన గ్రాహకాల జన్యువుల కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో ప్రకటించారు, ఆ కృషికి 2004లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మనిషిలో పనిచేసే గ్రాహకాలు సుమారు 400 రకాలు. వాటిలో కొన్ని వ్యక్తికీ వ్యక్తికీ తేడాగా ఉంటాయి. కొన్ని కృత్రిమ కస్తూరి ద్రవ్యాలు కొందరికి అసలే తెలియవు. వయొలెట్ పూల వాసననిచ్చే బీటా అయొనోన్ కొందరికి తీయని పువ్వు, మరికొందరికి పుల్లని ఘాటు. భార్యకు నచ్చిన సీసా భర్తకు వాసనే లేనట్టు తోచడంలో ఎవరి తప్పూ లేదు.

కాబట్టి దుకాణంలో ఒక పూటకు రెండింటికి మించి ప్రయత్నించడం వృథా. ఒకటి ఒక మణికట్టున, రెండోది రెండో మణికట్టున రాసుకుని బయటకు వచ్చేయాలి. గోల్‌బజారులో కొనవలసిన ఇతర సరుకులు కొని, రెండు మూడు గంటలు గడిచాక మళ్లీ చూసుకోవాలి. ముక్కును శుద్ధి చేస్తాయంటూ ఇచ్చే కాఫీ గింజలకు మామూలు గాలి కంటే ఎక్కువ ప్రయోజనమేమీ లేదని 2011లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. తలుపు దగ్గర నిలబడి నాలుగుసార్లు గాలి పీల్చుకుంటే సరిపోతుంది.

ఆరోగ్యపరంగా రెండు జాగ్రత్తలు ముఖ్యం. శుద్ధి చేయని బెర్గమాట్ తైలంలో ఉండే బెర్గాప్టెన్ ఎండ తగిలితే చర్మంపై గోధుమరంగు మచ్చలు తెస్తుంది. మెడ మీద ధారగా జారినట్టు కనిపించే మచ్చలు అలాంటివే. ఎండలో పనిచేసేవారు మెడకు బదులు బట్టలకు చల్లుకోవడం మేలు. రెండోది, వేడిలో, వెలుగులో పాతబడిన సీసాలోని లిమోనీన్, లినలూల్ గాలితో కలిసి చర్మానికి పడని పదార్థాలుగా మారతాయి. దురద, ఎర్రదనం వచ్చేవారికి తరచుగా కారణం అవే. రేకుల కప్పు కింద కిటికీ పక్కన సీసాను ఉంచడం కంటే బీరువాలో బట్టల మధ్య పెట్టడం మంచిది.

ఇంతకీ కొన్న సీసా చివరి దశ ఎలాంటిదో తేల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది. రాత్రి విడిచిన చొక్కాను ఉతకడానికి వేయకుండా కొక్కేనికి తగిలించి, మర్నాడు ఉదయం ముఖం కడుక్కున్నాక, టీ తాగక ముందే కాలరు దగ్గర ఒక్కసారి వాసన చూడాలి. నిమ్మ ఉండదు, పువ్వు ఉండదు. అక్కడ మిగిలినది చందనమా, వెనిల్లానా, ఉతికిన బట్టల సబ్బును పోలిన చవక కస్తూరా అన్నది ఆ వేళ తెలిసినంతగా దుకాణంలో తెలియదు.